పొట్టి బెండు, పొడుగు బెండు

ఓర్వకల్లులో మా పిన్నమ్మ కాన్పుకు సాయం వెళ్లి, నెల రోజులుండి, నిన్న పొద్దున ఇంటికి వచ్చాను. పెట్టె విప్పక ముందే అమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ ఊళ్లో జరిగినవన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి బర్రె ఈనిందో, ఎవరి గోడ కూలిందో చెప్పిన గొంతుతోనే, "బెండ్ల తాత పోయినాడు, పదైదు దినాలయింది" అంది. చేట ఒకసారి ఎగరేసి, పొట్టు ఊది, ఇంకేదో సంగతి ఎత్తుకుంది.

నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. చాలా దూరం నడిచి వచ్చాక ఇంకా నడవాలని తెలిస్తే ఒంట్లో ఎలా ఉంటుందో, అలా ఉంది.

ఆయన పేరు నాకు తెలుసు. ఆ పేరుతో పిలిచినవాళ్లను చూడలేదు గనుక ఇక్కడా రాయను.

మా ఊరు తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు ఎగువన ఉంది. వంతెన లేదు. వెదురుతో అల్లి తోలు కప్పిన పుట్టి ఒకటి ఉంది గానీ, పది మంది పోగయితే తప్ప అది కదలదు. తొందర పని ఉన్న మగవాళ్లు బెండు మీద దాటేవాళ్లు. మా వైపు పొలాల గట్ల మీద కంచెగా కిత్తనార మట్టలు నాటుతారు. ఆ మట్టల నడుమ నుంచి ఏళ్ల తర్వాత ఒక్కసారే నిలువెత్తు మాను లేచి, పూసి, దాంతోపాటే చెట్టూ చచ్చిపోతుంది. నిలువునా ఎండిన ఆ మాను బెండులాగా తేలిగ్గా ఉంటుంది. తాత ఆ మానులను కోసి, పక్కపక్కన పేర్చి, వెదురు చీలలు దిగ్గొట్టి, ముందు కొస కాస్త పైకి లేచేట్టు చెక్కి, ఆముదంలో గుగ్గిలం కాచి పూసేవాడు. దాని మీద రొమ్ము ఆనించి పడుకుని, బట్టల మూట తలకు కట్టుకుని, కాళ్లతో నీళ్లు తన్నుకుంటూ పోవడమే.

రెండే రకాలు చేసేవాడు. మూడు మానులతో గడ్డం నుంచి మోకాలి దాకా వచ్చేది పొట్టిది. అయిదు మానులతో మనిషి నిలువంత ఉండేది పొడుగుది. ఈ రెంటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఆయనకు కోపం వచ్చేది. చేతిలో ఉలి కింద పెట్టేవాడు.

"ఏది మంచిదని అడగొద్దప్పా. ఏ నీళ్లకని అడుగు."

అవతలి మనిషి "సరే, ఏ నీళ్లకు?" అంటే, చెప్పేది మానేసి ఆయనే మళ్లీ అడిగేవాడు. మూటలో ఏముంటాది? పోయేది ఎప్పుడు, మళ్లేది ఎప్పుడు? మళ్లేది మధ్యాహ్నం అంటే తల ఊపేవాడు. మధ్యాహ్నానికి పడమటి గాలి లేస్తుంది. ఏటి మీద జానెడు ఎత్తు అలలు, ఒకదాని వెనక ఒకటి, దగ్గర దగ్గరగా వస్తాయి.

"ఆ అలకు పొట్టిదే కావల్ల. రెండలల నడుమన ఇముడుతాది. పొడుగుది ఏం జేస్తాదంటే, రెండలల మీద పండుకుంటాది. ఎనకలది లేపుతాది, ముందరి దాంట్లో మూతి పెడతాది. నువ్వు నీళ్లు తాగుతావు."

"మరి పొడుగుది ఎందుకు చేసి పెట్టినావు తాతా?"

"ఎర్రనీళ్లు వచ్చినప్పటికి. అప్పుడు బండలన్నీ మునిగిపోతాయి గదా. పొట్టిదాని మీద కాళ్లు నీళ్లలో వేలాడతాయి, కనపడని బండ తగులుతాది. పొడుగుదాని మీద నిలువునా పైనుంటావు. తిరగదు, మొండిది. కానీ కాళ్లు కాపాడతాది." ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ప్రతిసారీ ఇదే అనేవాడు. "ఎర్రనీళ్లు ఏడాదికి ఒక నెల. తక్కిన నెలలన్నీ ఈ చిన్నలలే. మనిషి దినామూ దేంతో ఏగుతాడో దానికి చేయించుకోవల్ల బెండు."

ఈ మాట నేను అప్పట్లోనే డైరీలో రాసుకున్నాను. పుస్తకాల్లో చదివిన చాలా మాటల కంటే బాగుందనిపించింది. ఆయనకు చెప్పలేదు. నేను ఎవరికీ ఏదీ చెప్పే మనిషిని కాను.

బెండు ఎండిందో లేదో చూడటానికి కోసిన కొసకు నాలుక ఆనించేవాడు. నాలుక అంటుకుంటే ఎండినట్టు. కొనేవాళ్లు చూస్తుండగానే రెండు కొసలూ నాకి ఇచ్చేవాడు, వాళ్లు పంచెతో తుడుచుకుని చంకన పెట్టుకునేవాళ్లు. మనిషి బరువు తెలియడానికి చంకల కింద చేతులు వేసి పసిపిల్లవాణ్ని ఎత్తినట్టు బెత్తెడు పైకి ఎత్తేవాడు. ఊళ్లో పెద్ద రైతులనైనా సరే. మా నాయనను మొదటిసారి ఎత్తినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "ఏమనుకోవాకండి అయ్యవారూ" అని ఎత్తి, దించి, "మీలో పాఠాలే ఉండాయి, మాంసం లేదు. మూడు మాన్లు శానా ఎక్కువ" అన్నాడు. నాయన అంతగా నవ్వడం నేను అరుదుగా చూశాను.

ఒక కలిగిన ఇంటి పడుచువాడు వచ్చి, ఊళ్లో ఎవరికీ లేనంత పొడుగుది చెయ్యమన్నాడు.

"నీకు బెండు కావల్లనా, మంచం కావల్లనా?"

"చెయ్యమంటే చెయ్ తాతా, నీకెందుకు?"

చేశాడు. వారం తర్వాత అతను దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి తిట్టాడు. నడి ఏట్లో అడ్డం తిరిగి అతన్ని దిగువనున్న దోస తోటల్లోకి మోసుకుపోయిందట. తోట కాపలావాళ్లు కాయల దొంగ అనుకుని కర్రలెత్తారట. తాత ఓపిగ్గా అంతా విన్నాడు. "కాళ్ల మాదిరి నాలుగు రాళ్లు పెట్టి దాని మీద పండుకో నాయనా. తేళ్లు ఎక్కవు" అన్నాడు.

మా నాయన పొట్టి బెండు మీదే ఏరు దాటేవాడు. అవతలి ఒడ్డు ఊరివాళ్లు పెట్టుకున్న బడిలో ఆయన అయ్యవారు. పుట్టి కోసం కాచుకుంటే బడి వేళకు అందదు, రెండుమూడుసార్లు అందకపోతే వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. అందుకని రోజూ పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి, తాత పందిరిలో పెట్టిన తన బెండు తీసుకుని దాటేవాడు. పొట్టిదీ పొడుగుదీ రెండూ నాయనవి అక్కడే ఉండేవి. ఏది తీసుకోవాలో తాతే చెప్పి చేతికిచ్చేవాడు. నేను సద్ది మూట తెచ్చి, నాయన అవతలికి చేరేదాకా ఒక బండ మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. నాకు అప్పుడు పదహారు. చదువు ఇంటి దగ్గరే నాయన చెప్పినంత.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లలో ఒక పొద్దున, నాయన పంచె ఎగదోపుకుంటుండగా, తాత నా బండ దగ్గరికి వచ్చి వంగి మెల్లగా అడిగాడు.

"పాపా, నీళ్లు ఏం రంగుండాయి?"

వేళాకోళం అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన కళ్లలో నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి పొర. ఏటి వైపు కాదు, ఏటి చప్పుడు వైపు తిరిగి ఉన్నాడు.

"తేటగా ఉన్నాయి తాతా."

"మంచిది" అని వెళ్లి నాయనకు పొట్టి బెండు ఇచ్చాడు.

ఆ రోజు నుంచి అది మా ఇద్దరి సంగతయింది. రోజూ అడిగేవాడు, నేను ఒక్క మాట చెప్పేదాన్ని. తేట, బూడిద, ఎరుపు. ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు. అనవలసిన పనీ లేదు. చేతులతో తడిమి బెండు చేయడం ఆయనకు ఎప్పటిలాగే వచ్చు, రంగు ఒక్కటే కరువయింది. ఆ రంగు నేను. ఇంట్లో నలుగురిలో నోరు మెదపని దాన్ని, రోజూ ఒక మాట చెబితే ఇంత మంది దాన్ని బట్టి ఏరు దాటుతున్నారని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. ఆ రంగులు డైరీలో తేదీల పక్కన రాసుకునేదాన్ని.

ఎరుపయితే వరద, తేటయితే మామూలు ఏరు. మా ఒడ్డున తాతల కాలం నుంచీ అంతే. కానీ అప్పటికి ఎగువన ఆనకట్ట కట్టారు. మట్టి అంతా అక్కడే ఆగి, కిందికి వదిలిన నీళ్లు ఎంత వచ్చినా తేటగానే వస్తాయి. ఇప్పుడు మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. అప్పుడు ఎవరి బుద్ధికీ తట్టలేదు.

తర్వాత ఒక పొద్దున ఒడ్డున దోస తోటలవాళ్లు ముగ్గురు కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. నేను రోజూ కూర్చునే బండకు కింద ఇంకో బండ ఉంది, దాని మీద కాళ్లు పెట్టుకుంటాను. కూర్చున్న కాసేపటికి పాదాలకు చల్లగా తగిలింది. చూస్తే కింది బండ మీద నీళ్లు ఆడుతున్నాయి. కాళ్లు పైకి తీసుకుని, పావడ ముడుచుకుని, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకున్నాను.

తాత వచ్చాడు. "రంగేమి పాపా?"

తోటలవాళ్లలో ఒకడు ఇటు చూశాడు. "ఏం తాతా, అయ్యవారి పాపతో గుసగుసలు? నీకేమన్నా పద్యాలు చెబుతాందా?" మిగిలిన ఇద్దరూ నవ్వారు.

నా మొహం కాలిపోయింది. నీళ్లు కింది బండ మీదికి వచ్చాయని చెప్పాలంటే ఇంకో నాలుగు మాటలు మాట్లాడాలి, వాళ్ల ఎదుట. ఆయన అడిగింది రంగు. నీళ్లు నిజంగా అద్దంలా ఉన్నాయి.

"తేట" అన్నాను.

నాయన పొట్టి బెండు మీద వెళ్లాడు. సగం దూరం మామూలుగానే వెళ్లాడు. తర్వాత బెండు ఒక్కసారి ఆగినట్టయి, ముక్కు పక్కకు తిరిగి, నాయన తల మాత్రం కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు. నేను అరిచానో లేదో గుర్తు లేదు. దిగువన పుట్టివాళ్లు నాయనను పట్టుకుని తెచ్చారు. మునిగిన బండకు తగిలి మోకాలి చిప్ప పగిలింది. ఆ కాలు మళ్లీ సరిగ్గా వంగలేదు.

అందరూ తాత చుట్టూ చేరారు. పొద్దున్నే నవ్విన తోటలవాడు ఆయన కళ్ల మీది పొరను తేరిపార చూసి, తన తలగుడ్డ విప్పి ముఖం ముందు ఆడించాడు.

"ఇదేం రంగు చెప్పు ముసలోడా."

గుడ్డ గాలి మొహానికి తగులుతుంటే తాత కళ్లు ఆర్పాడు.

"గుడ్డోడివై ఉండి మనుషుల్ని ఏట్లోకి తోలుతాండావా? అయ్యవారు సచ్చిపోతే ఎవురప్పా దిక్కు?"

"నాదే తప్పప్పా. నేనే చూసుకోకుండా ఇచ్చినా" అన్నాడు తాత.

నేను నాయన తల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆ రోజు డైరీలో తేదీ పక్కన "తేట" అని ఉంది. ఇంకేమీ లేదు.

ఎనిమిది రోజులు చూసి, ఒక మధ్యాహ్నం ఆయన పందిరికి వెళ్లాను. ఎవరూ లేరు. ఎవరి బెండ్లు వాళ్లు తీసుకుపోయారు. అమ్ముడుపోని బెండ్లను ఆయన భార్య ముక్కలు చేసి పొయ్యిలోకి వేసుకుంటోంది. "మంట భగ్గుమంటాది గానీ నిప్పు నిలవదు, సంగటి ఉడకదు" అని గొణుక్కుంటూ ఒక మోపు ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది. తాత నా నడక గుర్తుపట్టాడు. నేను నిలబడ్డాను. ఆయనే అన్నాడు.

"ఆ పొద్దు కాళ్లు పైకి తీసుకుంటివి గదా పాపా."

నేను నా పాదాల వైపు చూసుకున్నాను.

"నీ కాలి గొలుసులు చప్పుడయినాయి. ఏందబ్బా పాప ఎప్పుడూ కదలదు, ఈ పొద్దు కదిలిందే అనుకున్యా. అడుగుదామనుకున్యా. వాండ్లు నవ్విరి. నాకూ సిగ్గయింది."

"తాతా, నేను అందరికీ చెబుతాను."

"ఎవురికీ చెప్పాకు. ముసలోడు తప్పు చేస్తే నాలుగు దినాలు తిట్టి మరిచిపోతారు. ఆడపిల్లవు, నీ మీద ఒక మాట పడిందంటే పెండ్లయి పోయిన చోటికి గూడా ఎంబడి వస్తాది. ఇంటికి పో."

అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, ఊరట. ఇది రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. పెద్దమనిషి చెప్పాడు కదా అనుకుని, చకచకా నడిచి ఇంటికి వచ్చేశాను.

ఎవరూ మరిచిపోలేదు. నాయన అసలు మరిచిపోలేదు. నాలుగు నెలలకు లేచి, అవతలి ఊరివాళ్లు జాలిపడి వేళ సడలిస్తే పుట్టి మీద బడికి వెళ్లడం మొదలుపెట్టాక, తాత ఒడ్డున కూర్చుని ఉంటే ఆయన ముందు నుంచే కుంటుకుంటూ వెళ్లేవాడు, పలకరించకుండా. మెట్టు ఎక్కిన ప్రతిసారీ, కాలు ఈడ్చిన ప్రతిసారీ, "కళ్లు లేవని ఒక్క మాట చెప్పింటే సరిపోయేది ఆ మనిషి" అనేవాడు. నేను వింటూ ఇంకో పనిలోకి వెళ్లేదాన్ని.

నిన్న మధ్యాహ్నం ఆదివారం గనుక నాయన ఇంట్లోనే ఉన్నాడు. అన్నం వడ్డిస్తుంటే అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తింది.

"బెండ్లాయప్ప దినానికి మీరు పోలేదని వాండ్లు అనుకున్నారంట."

"పాపం, మంచివాడే" అన్నాడు నాయన. "కానీ నమ్మి ప్రాణం చేతిలో పెట్టినాను. దాచినాడు."

నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"నాయనా, ఆ పొద్దు నీళ్లు పెరిగినాయని నేను చూశాను. నా కాళ్లు తడిసినాయి. తాతకు రోజూ నీళ్ల రంగు చెప్పింది నేనే. నీళ్లు ఎక్కినాయని చెప్పలేదు."

అమ్మ "ఏమంటాండావే?" అంది. నాయన చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఎందుకు చెప్పలేదు?"

"తోటలవాళ్లు నవ్వుతున్నారు."

"ఆయనకు తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దన్నాడు."

"మూడేండ్లు" అన్నాడు నాయన. "మూడేండ్లు ఆ మనిషి ముందర నుంచే పోయినానే." తిట్టలేదు. తిడితే బాగుండేది. ముద్ద పళ్లెంలో పెట్టి, లేచి, చెయ్యి కడుక్కుని, చిలక్కొయ్య మీది కండువా తీసుకున్నాడు.

"ఎండ తగ్గనీండి" అంది అమ్మ.

"ఇంకా ఎంతకాలం ఆగాల?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు రా. చెప్పేది నువ్వే."

తాత ఇల్లు ఊరి చివర. ఆయన భార్య గడపలో చాప వేసుకుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. నాయనను చూసి లేవబోయి, లేవలేక, అలాగే ఉండిపోయింది. నాయన నన్ను చూశాడు. నేను చెప్పాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. ఆమె "గట్టిగా చెప్పు" అంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు ఒకేసారి ఎవరి ముందూ మాట్లాడలేదు.

ఆమె చేతులు ఆగలేదు. ఒక గింజ తీసింది, ఇంకోటి తీసింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది.

ఒకసారి ఏటి దిక్కు చూసి, ఆమే మళ్లీ అంది.

"దినామూ ఒడ్డుకు పోయి కూచునె. అందరూ నవ్వుతారు, ఎందుకు పోతావయ్యా అంటే, అయ్యవారు పుట్టి ఎక్కేటప్పుడు ఒక్క మాటన్నా అంటాడేమో, పోతాండా అనె. ఆయప్ప బతికుండంగ నువ్వు చెప్పింటే..." కొంగుతో ముక్కు తుడుచుకుని, చాప మీద కాస్త పక్కకు జరిగింది. "కూచోండి అయ్యవారూ. కాలు నొప్పి పెడతాదేమో."

నాయన కుంటికాలు చాపి కూర్చున్నాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు. నన్ను కూర్చోమని ఆమె అనలేదు. కాసేపు ఎండలో నిలబడి, నేనే చాప అంచున కూర్చుని, కుప్పలోంచి ఒక చింతపండు తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. కుప్ప అయిపోయేదాకా ఇద్దరమూ గింజలు తీశాం.